బుచాచ్ రిజిస్టర్‌లో నొయ్‌మాన్, న్యూయార్క్‌లో వైస్: ఇద్దరూ ఒకరేనా?

ప్రశ్న: సెంట్రల్‌జెర్సీ కోడలు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎక్కువగా మన కుటుంబాల వంశవృక్షాల గురించే మాట్లాడుకుంటాం. నాది యూరప్ కాగితాల సంగతి. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటారన్న ఆశతో అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా ఆయన తల్లివైపు వాళ్లు యూదులు. మా అత్తగారికి ఇప్పుడు 81 ఏళ్లు. ఆవిడ పుట్టింటి పేరు వైస్. ఆవిడ తాతగారు 1909లో హాంబర్గ్‌లో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగారు. ఊరు బుచాచ్. అప్పట్లో అది ఆస్ట్రియా పాలనలోని గలీషియాలో ఉండేది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండ్‌లో ఉంది, ఇప్పుడు పశ్చిమ ఉక్రెయిన్‌లో ఉంది. నోబెల్ అందుకున్న హీబ్రూ రచయిత అగ్నాన్ పుట్టిన ఊరు కూడా అదే.

నా దగ్గర మూడు కాగితాలున్నాయి. ఒకదానికి ఒకటి పొసగడం లేదు.

మొదటిది ఓడ ప్రయాణికుల జాబితా. అందులో ఆయన పేరు మోషె నొయ్‌మాన్, వయసు 21, దర్జీ. స్వదేశంలో దగ్గరి బంధువు ఎవరు అన్న గడిలో మాత్రం ‘తండ్రి హెర్ష్ వైస్, బుచాచ్’ అని ఉంది. కొడుకు నొయ్‌మాన్, తండ్రి వైస్! రెండోది 1927 నాటి అమెరికా పౌరసత్వ సర్టిఫికెట్. అందులో మోరిస్ వైస్. మూడోది ఈమధ్యే ఆన్‌లైన్‌లో దొరికిన స్కాన్, బుచాచ్ యూదుల జనన రిజిస్టర్‌లో ఒక పేజీ. 1888లో 412 నంబరు ఇంట్లో మోషె అనే మగబిడ్డ పుట్టాడు. తల్లి ఇంటిపేరు నొయ్‌మాన్. తండ్రి గడి ఖాళీ. పక్క గడిలో ‘ఉన్‌ఏలిష్’ అన్నచోట గీత పెట్టారు. అంటే పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డ అని. కుడివైపు చివరి గడిలో ఎవరో చిన్న అక్షరాలతో కిక్కిరిసేలా నాలుగు వరుసలు రాశారు. అది నాకు చదవడం రాలేదు.

ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథ ఏమిటంటే, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో ఒక ఆఫీసరు తాతగారి పేరు మార్చేశాడని. అత్తగారి పినతండ్రి కొడుకు ఒకాయన ఈ స్కాన్ చూసి, ‘వైస్ అసలు మన పేరే కాదు, తాతగారు పెళ్లి లేకుండా పుట్టినవాడు, ఎవరి పేరో తెచ్చి పెట్టుకున్నాడు’ అని చుట్టాలందరికీ ఈమెయిల్ పంపాడు. అత్తగారు పైకి ఏమీ అనలేదు. కానీ ఫోన్‌లో ఆ గొంతు నాకు తెలుసు. వాళ్ల తాతగారి అమ్మ పేరు ఎత్తితేనే మాట మారుస్తున్నారు.

మా పెద్దవాడు పుట్టినప్పుడు మా అమ్మకు వీసా రాలేదు. నాకు పురుడు పోసింది ఈవిడే. రాత్రుళ్లు పిల్లాణ్ణి భుజాన వేసుకుని నడిచింది, నాకు పథ్యం ఏమిటో మా అమ్మను ఫోన్‌లో అడిగి వండిపెట్టింది. ఆవిడ మనసు ఇలా కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోలేను. నిజం ఏదైనా సరే, సరిగ్గా తెలుసుకుని చెప్పాలని ఉంది.

ఈ ఇద్దరూ ఒక్కరేనా? తండ్రి గడి ఖాళీగా ఉంటే హెర్ష్ వైస్ తండ్రి కాదనేనా అర్థం?

---

జవాబు: క్వీన్స్‌లో ఉంటా

చెల్లెమ్మా, నేను లైబ్రరీలో పనిచేస్తాను. పూర్వీకుల కాగితాలు వెతుక్కోవడానికి వచ్చేవాళ్లకు సాయం చేయడం నా పనిలో భాగం. అమెరికా వైపు సంగతి నేను చెప్తాను. గలీషియా రిజిస్టర్ల గురించి మన వార్సా తమ్ముడు చెప్పాలి.

ముందు ఎల్లిస్ ఐలాండ్ కథ పక్కన పెట్టండి. దాదాపు ప్రతి కుటుంబమూ నాకు ఇదే కథ చెబుతుంది. అక్కడి ఆఫీసర్లు కొత్త పేర్లు రాసేవాళ్లు కాదు. ప్రయాణికుల జాబితాను ఓడ కంపెనీ గుమాస్తాలు బయల్దేరే రేవులోనే తయారుచేసేవాళ్లు. మీ విషయంలో అది హాంబర్గ్. ఎల్లిస్ ఐలాండ్ ఆఫీసరు ఆ జాబితాను ముందు పెట్టుకుని, అందులో ఉన్న ప్రశ్నలే మళ్లీ అడిగి సరిచూసేవాడు. ఎన్నో భాషల దుబాసీలు పక్కనే ఉండేవాళ్లు. పేర్లు మారింది తర్వాత. పనిచేసే చోట, స్కూల్లో, పౌరసత్వ దరఖాస్తులో, ఎక్కువసార్లు మనుషులు తమంతట తామే మార్చుకున్నారు.

కాబట్టి ‘నొయ్‌మాన్’ అన్నది ఆయన ప్రయాణానికి వాడిన పేరు. ‘తండ్రి హెర్ష్ వైస్’ అన్న మాటకు ఇంకా ఎక్కువ విలువ ఉంది. స్వదేశంలో దగ్గరి బంధువు పేరు, చిరునామా రాయాలన్న నియమం 1907 వలస చట్టంతో వచ్చింది. మీవాళ్లు మూడేళ్లు ముందు వచ్చి ఉంటే మీకు ఈ ఆధారమే ఉండేది కాదు. పైగా ఆ గడి నింపింది ఆయన నోటి మాటతోనే. పారిపోయి వచ్చి ఎవరిదో పేరు తగిలించుకోవాలనుకున్న కుర్రాడు, ఇంకా ఓడ ఎక్కకముందే మా నాన్న హెర్ష్ వైస్ అని ఎందుకు చెప్తాడు?

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ దగ్గరున్నది సర్టిఫికెట్ మాత్రమే. దాని వెనక కోర్టులో వేసిన పిటిషన్ ఉంటుంది. అసలు సరుకంతా అందులోనే ఉంటుంది. పుట్టిన తేదీ, ఊరు, భార్యాపిల్లల పేర్లు, ఏ ఓడలో ఏ రోజు దిగారు, అన్నీ ఉంటాయి. 1906 జూన్ 29 తర్వాత వచ్చినవాళ్లు పౌరసత్వం అడిగితే, ప్రభుత్వం పాత ఓడ జాబితా తీయించి, ఈ మనిషి నిజంగా ఆ ఓడలో దిగాడని ధ్రువపత్రం ఇప్పించేది. వైస్ అని సంతకం పెట్టే మనిషి నొయ్‌మాన్‌గా దిగి ఉంటే, ఆ సంగతి అక్కడ బయటపడక తప్పదు. పిటిషన్‌లోనో, జతచేసిన ఆ ధ్రువపత్రంలోనో పాత పేరు కనబడాలి.

ఇంకో గుర్తు: ఓడ జాబితా స్కాన్ పెద్దది చేసి చూడండి. ఆయన పేరు మీద గానీ పక్కన గానీ వేరే ఇంకుతో అంకెలు, ఒక తేదీ రాసి ఉన్నాయా? 1920ల నుంచి గుమాస్తాలు ఇలా తనిఖీ చేసినప్పుడు ఆ వరుస మీద గుర్తు పెట్టేవాళ్లు. అది ఉంటే, ఆ వరుసలో ఉన్న మనిషే తర్వాత పౌరసత్వం అడిగాడని అర్థం.

సమాధి రాయి ఫొటో ఉందా? ఇంగ్లిష్ అక్షరాలు కాదు, హీబ్రూ వరుసలు కావాలి. యూదుల సమాధి మీద హీబ్రూలో మనిషి పేరు, తండ్రి పేరు రాస్తారు. అది ఆ కుటుంబం స్వయంగా చెక్కించిన మాట.

---

జవాబు: వార్సా తెలుగోడు

అక్కా, నేను పదేళ్లకు పైగా ఇక్కడ ఐటీలో ఉన్నాను. పాత కాగితాల పిచ్చితో వార్సాలో ద్వుగా వీధిలోని ఆర్కైవ్స్‌కి వెళ్తుంటాను. తూర్పు గలీషియా యూదుల రిజిస్టర్లలో చాలా భాగం అక్కడికే చేరింది. ఆ ఊళ్లు ఉక్రెయిన్‌లో కలిసినా పుస్తకాలు వార్సాకు వచ్చాయి. కొన్ని ఉక్రెయిన్‌లోని లివివ్ నగరంలో చారిత్రక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇక్కడి చట్టం ప్రకారం జనన రిజిస్టర్లు 100 ఏళ్లు, పెళ్లి, మరణ రిజిస్టర్లు 80 ఏళ్లు దాటాక ఆర్కైవ్స్‌కి వస్తాయి.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు: తండ్రి గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన తండ్రి లేడని కాదు. ఆ తల్లికి పెళ్లి కాలేదనీ కాదు. మీ అత్తగారితో ఈ మాట ధైర్యంగా చెప్పండి. ఎందుకో వివరంగా రాస్తాను.

గలీషియా 1772లో పోలండ్ నుంచి ఆస్ట్రియా చేతికి వచ్చింది. అప్పటిదాకా అక్కడి యూదుల్లో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. ఫలానా మోషె, అబ్రహాం కొడుకు. అంతే. సైన్యానికి మనుషులు కావాలి, పన్ను కట్టించుకోవాలి, అందుకు లెక్క కుదరాలి. దాంతో చక్రవర్తి రెండో జోసెఫ్ 1787లో శాసనం తెచ్చాడు. యూదులందరూ 1788 జనవరి 1 నుంచి స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలన్నాడు. వైస్, నొయ్‌మాన్ లాంటి జర్మన్ పేర్లు గలీషియాలో ఇంతగా కనబడటానికి కారణం అదే.

అసలు చిక్కు పెళ్లి దగ్గర వచ్చింది. యూదుల పెళ్లి చెల్లాలంటే సర్కారు పర్మిషన్ తీసుకోవాలి, పెద్ద మొత్తం పన్ను కట్టాలి. 19వ శతాబ్దం మొదటి సగంలో అయితే వధూవరులు జర్మన్‌లో ఉన్న మతబోధ పుస్తకంలో పరీక్ష కూడా పాసవ్వాలి. యూదుల ఇంటి భాష యిద్దిష్ మాట్లాడే పేద దర్జీ, బండి తోలుకునేవాడు ఇవన్నీ ఎక్కడ పడతాడు? వాళ్లు తమ ఆచారం ప్రకారం పందిరి కింద, ఇద్దరు సాక్షుల ముందు, పెళ్లి ఒప్పందపత్రం రాసుకుని పెళ్లి చేసుకున్నారు. మతగురువు రబ్బీ దృష్టిలో, ఊరి దృష్టిలో, దేవుడి దృష్టిలో వాళ్లు భార్యాభర్తలు. సర్కారు పుస్తకంలో మాత్రం ఆ పెళ్లి లేదు. పన్నులూ పరీక్షలూ పోయాక, 1867లో సమాన హక్కులు వచ్చాక కూడా చాలామంది అదే పద్ధతిలో ఉండిపోయారు.

సర్కారు పుస్తకంలో పెళ్లి లేకపోతే బిడ్డ ‘ఉన్‌ఏలిష్’. 1811 నాటి ఆస్ట్రియా పౌరస్మృతి ప్రకారం అలాంటి బిడ్డకు తల్లి ఇంటిపేరే వస్తుంది. అందుకే గలీషియా జనన రిజిస్టర్లు తిరగేస్తే పేజీలకు పేజీలు ఇవే గీతలు. ఏడుగురు పిల్లలతో పాతికేళ్లు ఒకే కప్పు కింద బతికిన దంపతుల ప్రతి బిడ్డకూ అదే గీత. ఆ గడి చెప్పేది ఒక్కటే, సర్కారు గుమాస్తా దగ్గర పెళ్లి నమోదు కాలేదని. తల్లి నడవడి గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ ఈమెయిల్ పంపినాయనకు ఇది తెలియాలి.

మీవాళ్ల ప్రయాణం పేరు చిక్కు కూడా దీంతో వీడిపోతుంది. సైన్యంలో చేరాల్సిన కుర్రాళ్ల జాబితాలను జనన రిజిస్టర్ల నుంచే తయారుచేసేవాళ్లు. సర్కారు ఇచ్చే ఏ పత్రమైనా పుట్టినప్పుడు రాసిన పేరుతోనే ఉండాలి. ఊళ్లో అందరికీ ఆయన హెర్ష్ వైస్ కొడుకు, సర్కారుకు మోషె నొయ్‌మాన్. అమెరికాలో జనన ధ్రువపత్రం అడిగేవాడు లేడు, నాన్న పేరు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కరే అయ్యే అవకాశం చాలా గట్టిగా ఉంది.

మీరు మున్ముందు వెతికేటప్పుడు కొన్ని లాటిన్ మాటలు కనబడతాయి. ‘వైస్ రెక్టే నొయ్‌మాన్’ అని ఉంటే, వైస్ అని పిలుస్తారు గానీ చట్టం ప్రకారం నొయ్‌మాన్ అని. ‘నొయ్‌మాన్ ఫాల్సె వైస్’ అని ఉన్నా అదే. ఫాల్సె అని చూసి మోసం అనుకుని కంగారుపడకండి, గుమాస్తాలు రోజూ రాసే మాట అది. ‘వెల్’ అంటే రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయని.

ఆ చివరి గడి ఫొటో ఇక్కడ పెట్టండి అక్కా, వీలైనంత పెద్దదిగా. అన్నిటికంటే ముఖ్యమైనది అదే. తల్లి గడి కూడా పెట్టండి. 1877 తర్వాత అచ్చేసిన ఫారాల్లో తల్లి పేరుతో పాటు ఆమె తల్లిదండ్రుల పేర్లు, ఊరు కూడా రాసేవాళ్లు. అంటే ఒక్క పేజీలో మీకు ఇంకో తరం దొరుకుతుంది.

---

జవాబు: పాతకాగితం

నమస్తే అమ్మా. నేను హైదరాబాద్‌లో దస్తావేజుల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పైన ఇద్దరూ చెప్పినదానికి అడ్డు చెప్పడం లేదు. కానీ ఒక జాగ్రత్త చెప్పాలి.

నొయ్‌మాన్, వైస్ రెండూ చాలా సాధారణమైన పేర్లు. మోషె అన్నది మరీ సాధారణం. ఒకే ఊళ్లో ఒకే ఏడు ఇద్దరు మోషె నొయ్‌మాన్లు పుట్టి ఉండొచ్చు. పేరు కలిసిందని సంబరపడి వంశవృక్షం గీసేసినవాళ్లను చాలామందిని చూశాను. ఇంటిపేరును పట్టుకుని వెతక్కండి. ఇంటి నంబరును పట్టుకోండి. గలీషియా ఊళ్లలో ఇంటికి వీధి పేరు కాదు, ఊరంతటికీ వరుసగా ఒక నంబరు ఉండేది. 412లో 1880ల్లో, 90ల్లో ఇంకెవరు పుట్టారు, ఎవరు పోయారు అని రిజిస్టర్ అంతా చూడండి. ఆ ఇంట్లో నొయ్‌మాన్ పేరుతో పిల్లలు పుడుతూ, వైస్ పేరుతో పెద్దవాళ్లు పోతూ ఉంటే అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అన్నదమ్ముల్లో ఒకడు వైస్‌గా, ఒకడు నొయ్‌మాన్‌గా నమోదైనా ఆశ్చర్యపోకండి.

రెండోది పేర్లు పెట్టే ఆచారం. తూర్పు యూరప్ యూదులు బతికున్న బంధువు పేరు బిడ్డకు పెట్టరు. చనిపోయినవాళ్ల పేరే పెడతారు. కాబట్టి మీ అత్తగారి నాన్నగారు, పెదనాన్న, పినతండ్రుల హీబ్రూ పేర్లు కనుక్కోండి. వాళ్లలో ఒకరికి హెర్ష్ పేరు ఉంటే, ఆ బిడ్డ పుట్టేనాటికి బుచాచ్‌లో ముసలాయన లేడని తెలుస్తుంది. అప్పుడు మరణ రిజిస్టర్‌లో ఏ ఏళ్లు వెతకాలో తేలిపోతుంది.

మూడోది, వైస్ అన్న పేరుని వెనక్కి తీసుకెళ్లాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. హెర్ష్ కూడా అలాగే పుట్టి ఉండొచ్చు. అతని తల్లే వైస్ కావచ్చు, తండ్రి మరొకడు కావచ్చు. ఈ ప్రాంతంలో ఇంటిపేరు ఒక తరంలో తండ్రి నుంచి, ఇంకో తరంలో తల్లి నుంచి వస్తుంది. పేరు వెంట తిన్నగా 1788 దాకా వెళ్లగలమన్న నమ్మకం పెట్టుకోకండి, మనుషుల వెంట వెళ్లండి. రిజిస్టర్లు దొరకని కాలానికి భూమి లెక్కలున్నాయి. జోసెఫ్ కాలంలో 1785–88 మధ్య ఒకసారి, చక్రవర్తి ఫ్రాన్సిస్ కాలంలో 1819–20లో ఒకసారి ఊరూరా ఇళ్లు, పొలాలు కొలిచి యజమానుల పేర్లు రాశారు. ఆ పుస్తకాలు లివివ్‌లో ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు అందులో దొరకరు. సొంత ఇల్లు ఉన్న కుటుంబమైతే దొరకొచ్చు.

---

సెంట్రల్‌జెర్సీ కోడలు

అందరికీ పేరుపేరునా దండాలు. మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటే చూస్తూ వచ్చాను. అందుకే ఆలస్యమైంది.

అక్కా, ఓడ జాబితాలో ఆయన పేరు పైన సన్నటి అంకెలు, 1926 తేదీ ఉన్నాయి! ఇన్నాళ్లూ అవి మరకలనుకున్నాం. పిటిషన్ కాపీ కూడా వచ్చింది. అందులో ‘మోషె నొయ్‌మాన్ అన్న పేరుతో దిగాను’ అని స్పష్టంగా ఉంది. ఓడ పేరు, తేదీ సరిగ్గా కలిశాయి.

సమాధి న్యూయార్క్‌లో, బుచాచ్ ఊరివాళ్ల సంఘం కొనుక్కున్న స్థలంలో ఉంది. మా ఆయన వెళ్లి ఫొటో తీసుకొచ్చాడు. హీబ్రూ చదవగలిగే స్నేహితురాలికి చూపిస్తే ‘మోషె బెన్ ట్స్వి హిర్ష్’, అంటే ట్స్వి హిర్ష్ కొడుకు మోషె అని చెప్పింది. ట్స్వి, హిర్ష్ జంటగా వచ్చే పేర్లని, హెర్ష్ అంటే అదేనని తనే వివరించింది.

మాష్టారూ, మీరు చెప్పిన పేర్ల ఆచారం గురించి అత్తగారినే అడిగాను. ఆవిడ వెంటనే, ‘మా నాన్న హ్యారీ హీబ్రూ పేరు ట్స్వి హిర్ష్. 1921లో పుట్టాడు’ అన్నారు. అంటే 1909లో బతికున్న హెర్ష్ 1921కి లేడన్నమాట. నాకు ఒళ్లు జలదరించింది.

పెళ్లి సంగతి ఆవిడకు నేనే చెప్పాను. ఎలా చెప్పాలో ఆలోచిస్తే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తెనాలి దగ్గర పల్లెలో పందిట్లో మంగళసూత్రం కట్టించుకుంది. ఊరంతా భోజనం చేసింది. ఏ రిజిస్ట్రారు దగ్గరికీ వెళ్లలేదు. మన దగ్గర పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న చట్టమే 2002లో వచ్చింది. వీసా కోసం మా అమ్మానాన్నలు పెళ్లయిన ఎన్నో ఏళ్లకు వెళ్లి రిజిస్టర్ చేయించుకున్నారు. ఆ మాట చెప్పి, ‘మా అమ్మమ్మ పెళ్లి ఎంత పెళ్లో, మీ తాతగారి అమ్మ పెళ్లి అంత పెళ్లి’ అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, ‘ఇది ఆ ఈమెయిల్ పంపిన అబ్బాయికి కూడా రాసి పంపు, అందరికీ కాపీ పెట్టు’ అన్నారు. పంపాను. వార్సా తమ్ముడి వివరణ ఇంగ్లిష్‌లో రాసి జతచేశాను.

చివరి గడి, తల్లి గడి ఫొటోలు పెడుతున్నాను. తమ్ముడూ, చూసి చెప్పవా.

---

వార్సా తెలుగోడు

చూశాను అక్కా. రాత గజిబిజిగా ఉంది గానీ చదవగలిగాను. జర్మన్‌లో ఉంది. సారాంశం ఇది: ‘బుచాచ్ వాసి హెర్ష్ వైస్ తానే ఈ బిడ్డ తండ్రినని, తన పేరు రిజిస్టర్‌లో తండ్రిగా రాయమని, కింద సంతకం చేసిన ఇద్దరు సాక్షుల ముందు కోరాడు.’ కింద మూడు సంతకాలున్నాయి. రెండు లాటిన్ అక్షరాల్లో, ఒకటి హీబ్రూ అక్షరాల్లో. ఆ హీబ్రూ సంతకం హెర్ష్‌దే.

పెళ్లి నమోదు కాని తండ్రి పేరు రాయించుకోవాలంటే చట్టంలో ఉన్న దారి అదే. తనంతట తాను రావాలి, సాక్షుల్ని తీసుకురావాలి. అలా చేసినా బిడ్డ ఇంటిపేరు మారదు, అందుకే మీవాళ్లు నొయ్‌మాన్‌గానే ప్రయాణం చేశారు. ఆ పేజీలో మిగతా బిడ్డల చివరి గడులు చూడండి, చాలా వరకు ఖాళీ. హెర్ష్ మాత్రం పనిగట్టుకుని వచ్చి రాయించాడు. మీ అత్తగారికి ఈ ఫొటోలో ఆ సంతకం చూపించండి. వాళ్ల ముత్తాత చేతిరాత అది.

తల్లి గడిలో ఆమె తల్లిదండ్రుల ఊరు మొనాస్టెజిస్కా అని ఉంది. బుచాచ్‌కి దగ్గరే. కాబట్టి నొయ్‌మాన్ల కోసం ఆ ఊరి పుస్తకాలు చూడాలి.

1909కీ 1921కీ మధ్య హెర్ష్ మరణం నేను వెతుకుతాను. ఆ కాలంలో యుద్ధం వల్ల పుస్తకాల్లో ఖాళీలుంటాయి, దొరుకుతుందని మాట ఇవ్వలేను. ఆ ఏళ్లలో పెళ్లి రిజిస్టర్ కూడా చూస్తాను. చాలామంది దంపతులు ముసలితనంలో, ఆస్తి పంపకం కోసమో పిల్లల కాగితాల కోసమో సర్కారు పెళ్లి చేసుకున్నారు. అరవై ఏళ్ల వరుడు, యాభై ఎనిమిదేళ్ల వధువు ఆ రిజిస్టర్లలో మామూలే.

---

క్వీన్స్‌లో ఉంటా

చెల్లెమ్మా, చాలా సంతోషం. ఒక్క విషయం అడగాలి. మోషెగారి అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు అందరూ అమెరికా వచ్చారా? రానివాళ్లు ఉంటే మీ ఇంట్లో వాళ్ల గురించి ఎప్పుడైనా వెతికారా? ఏ పేరుతో వెతికారు?

---

సెంట్రల్‌జెర్సీ కోడలు

ఇద్దరు చెల్లెళ్లు అక్కడే ఉండిపోయారట. 1930ల చివరి దాకా ఉత్తరాలు వచ్చేవని అత్తగారు వాళ్ల నాన్న చెప్పగా విన్నారు. యుద్ధం తర్వాత ఏమీ లేదు. యెరూషలేములోని యాద్ వాషెమ్ స్మారక కేంద్రంలో నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్ల జాబితా ఉంటుంది కదా, అందులో మా ఆయన చాలాసార్లు చూశాడు. ఎప్పుడూ వైస్ అనే వెతికాడు. ఏమీ దొరకలేదు.

---

క్వీన్స్‌లో ఉంటా

అందుకే అడిగాను. ఆ చెల్లెళ్లు కూడా రిజిస్టర్‌లో నొయ్‌మాన్లే అయి ఉంటారు. పైగా పెళ్లయ్యాక భర్తల పేర్లు వచ్చి ఉంటాయి, లేదా వాళ్లదీ సర్కారు పుస్తకంలో లేని పెళ్లే అయితే నొయ్‌మాన్‌గానే ఉండిపోయి ఉంటారు. యాద్ వాషెమ్‌లో బంధువులో, ఊరివాళ్లో నింపి ఇచ్చిన సాక్ష్య పత్రాలు ఉంటాయి. వాటిలో పుట్టింటి పేరుకు, తల్లిదండ్రుల పేర్లకు విడిగా గడులున్నాయి. కాబట్టి ఇంటిపేరు వదిలేసి, ఊరు బుచాచ్, తండ్రి హెర్ష్ లేదా హిర్ష్, తల్లి మొదటి పేరు, వీటితో వెతకండి. తర్వాత పుట్టింటి పేరు గడిలో నొయ్‌మాన్ పెట్టండి, పోలిష్ పద్ధతిలో రాసిన స్పెల్లింగ్‌తో కూడా చూడండి. నాజీలు బుచాచ్ నుంచి 1942లో చాలామందిని బెల్జెత్స్ శిబిరానికి తీసుకెళ్లి చంపారు, మిగిలినవాళ్లలో ఎక్కువమందిని ఊరి పక్క కొండ మీదే కాల్చేశారు. పత్రం నింపడానికి ఎవరూ మిగలని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కడా దొరకకపోతే మీ అత్తగారే ఆ ఇద్దరి పేర్లతో పత్రాలు నింపి పంపొచ్చు, ఇప్పటికీ తీసుకుంటారు. రెండు ఇంటిపేర్లూ రాయమనండి.

---

సెంట్రల్‌జెర్సీ కోడలు

ఈ ఆదివారం అత్తగారింటికి వెళ్తున్నాం. చెల్లెళ్ల పేర్లలో ఒకటి ఆవిడకు బాగా గుర్తుంది, రెండోది సందేహం. వార్సా తమ్ముడూ, 412 ఇంట్లో 1888 తర్వాత పుట్టిన ఆడపిల్లల పేర్లు రిజిస్టర్‌లో కనబడితే నాకు ముందే పంపు. పత్రంలో సరైన పేరు రాయాలి.